ఎదురు డాబా మీద సెల్ టవర్, పిల్లాడికి తలనొప్పి: సీటీ స్కాన్ తీయించే ముందు

ప్రశ్న: మాది విజయవాడ, మూడో అంతస్తులో ఫ్లాట్. ఎదురు బిల్డింగ్ డాబా మీద ఈ మధ్యే సెల్ టవర్ వేశారు. మా బాల్కనీకి 40 మీటర్లు ఉంటుంది. కోడలికి ఐదో నెల. తొమ్మిదేళ్ల మనవడు టవర్ వచ్చినప్పటి నుంచి తలనొప్పి అంటున్నాడు. ఒకసారి సీటీ స్కాన్ తీయించేస్తే నిశ్చింతగా ఉండొచ్చని మా అబ్బాయి అంటున్నాడు. మావారికి పేస్‌మేకర్ ఉంది. కోడలికి చేసే స్కానింగులు కూడా రేడియేషనే కదా, మానేద్దామా? ఫ్లాట్ అమ్మేసి వెళ్లిపోవడమే మంచిదా?

జవాబు:

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ సీటీ స్కాన్ ఆపించండి. పిల్లల డాక్టరు చూసి, కావాలని రాసిస్తే అది వేరే సంగతి. టవర్ భయంతో, మన మనశ్శాంతి కోసం తీయించే స్కాన్ మాత్రం వద్దు. మీరు చెప్పిన వాటన్నిటిలో పిల్లాడి ఒంట్లో కణాలను నేరుగా దెబ్బతీయగల రేడియేషన్ ఆ ఒక్కదాంట్లోనే ఉంది. ఫ్లాట్ అమ్మక్కర్లేదు. టవర్ రేడియేషన్ కొలిపించండి, ఎలాగో కింద రాస్తాను.

యాంటెన్నాలు ఎక్కడ పెట్టాలి, ఎటు తిప్పాలి, ఎంత పవర్ ఇవ్వాలి అనే లెక్కలు వేసే ఉద్యోగం చాలా ఏళ్లు చేశాను. జనం ఫిర్యాదు చేసిన చోట్ల రేడియేషన్ కొలతలూ తీశాను. నా జీతం ఆ రంగం నుంచే వచ్చింది కాబట్టి నా మాట గుడ్డిగా నమ్మమని అనను. అందుకే మీ అబ్బాయి కూర్చుని సరిచూసుకునేలా అంకెలతో రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. వైద్యం సంగతి మీ డాక్టరుదే చివరి మాట.

రేడియో తరంగాలు, మైక్రోవేవ్, కంటికి కనిపించే వెలుగు, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌రే, గామా కిరణాలు, ఇవన్నీ విద్యుదయస్కాంత తరంగాలే. తేడా అంతా ఒక్కో ఫోటాన్ మోసుకొచ్చే శక్తిలో ఉంది. ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఎక్స్‌రే ఫోటాన్‌కు ఉండేది వేలు, పదివేలు. అందుకే అది డీఎన్ఏను తెంచగలదు. అదే 1800 మెగాహెర్ట్జ్ సెల్ సిగ్నల్‌ను తీసుకుంటే, ఒక ఎలక్ట్రాన్ వోల్టును పది లక్షల ముక్కలు చేసినప్పుడు అందులో ఏడు ముక్కలంత శక్తి మాత్రమే ఉంటుంది. మీ ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగు ఫోటాన్ దానికంటే లక్షల రెట్లు బలమైనది. ఇలాంటి బలహీనమైన ఫోటాన్లు ఎన్ని కలిసొచ్చినా డీఎన్ఏ బంధాన్ని తెంచలేవు.

మరి రేడియో తరంగాలు ఏమీ చేయవా అంటే, చేస్తాయి. వేడి పుట్టిస్తాయి. మోతాదు మించితే ఆ వేడి హాని చేస్తుంది, ఇందులో అనుమానం లేదు. పనిచేస్తున్న యాంటెన్నాకు ఎదురుగా, అడుగు దూరంలో నిలబడితే ఒళ్లు వేడెక్కుతుంది, కాలుతుంది కూడా. అందుకే టవర్ ఎక్కే రిగ్గర్ కుర్రాళ్లను పైకి పంపే ముందు ఆ వైపు యాంటెన్నాలు ఆఫ్ చేయించాలి. నెట్‌వర్క్ ఆగిపోతుందని తొందరపెట్టి, ఆఫ్ చేయకుండానే ఆ కుర్రాళ్లను పైకెక్కించిన సూపర్‌వైజర్లను చూశాను. టవర్ రేడియేషన్ వల్ల ఎవరి ఆరోగ్యం గురించైనా గొడవ చేయాలంటే ముందు ఆ కుర్రాళ్ల గురించి చేయాలి. వాళ్ల గురించి ఏ కాలనీలోనూ ఎవరూ అడగరు.

ఇక మీ బాల్కనీ సంగతి. ఇలాంటి తరంగాలకు సురక్షిత పరిమితులు సూచించే అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్ఐఆర్‌పీ జనం ఉండే చోట్లకు పెట్టిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు. జంతువుల్లో వేడి ప్రభావం మొదలయ్యే స్థాయిని తీసుకుని, దాన్ని 50తో భాగించి పెట్టిన అంకె ఇది. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని ఇంకా పదో వంతుకు, అంటే 0.45 వాట్లకు దించింది. ఇప్పుడు లెక్క చూడండి. ఒక యాంటెన్నాకు 20 వాట్ల పవర్ ఇచ్చారనీ, అది ఆ పవర్‌ను 50 రెట్లు ఒకే దిక్కుకు పోగుచేస్తుందనీ అనుకుందాం. సాధారణంగా డాబాల మీద కనిపించేవి ఈ రకమే. బీమ్‌కు, అంటే అలా పోగైన తరంగాల ధారకు, సరిగ్గా ఎదురుగా, 40 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు 0.05 వాట్లు పడుతుంది. 100 మీటర్లకు వెళ్తే 0.008కి పడిపోతుంది. అంటే మీ దూరంలో, నేరుగా ఎదురుగా ఉన్నా, ఒక్కో యాంటెన్నాకు 2012 పరిమితిలో తొమ్మిదో వంతు.

ఒంటికి చేరేది ఎంతో కూడా చెప్తాను. ఆ 0.05 వాట్లు శరీరంలో కిలోకు ఒక వాట్‌లో వెయ్యో వంతు వేడిగా మారుతుంది. మనిషి ఊరికే కూర్చున్నా ఒళ్లు తనంతట తానే కిలోకు దాదాపు ఒక వాట్ వేడి పుట్టిస్తుంది. మీ కోడలి కడుపులో బిడ్డకు ఈ తేడా తెలిసే అవకాశమే లేదు. ఆమె వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడినప్పుడు తగిలే వేడి దీనికంటే చాలా ఎక్కువ.

పైగా మీరు బీమ్‌కు నేరుగా ఎదురుగా ఉండకపోవచ్చు. ఈ యాంటెన్నాల బీమ్ అడ్డంగా వెడల్పుగా, నిలువుగా మాత్రం ఏడెనిమిది డిగ్రీలే ఉంటుంది. బిల్డింగ్ మీద స్తంభం, దాని పైన యాంటెన్నా, అంతా కలిపి మీ బాల్కనీ కంటే 10, 12 మీటర్లు ఎత్తులో ఉంటే అసలు బీమ్ మీ నెత్తి మీదుగా వెళ్లిపోతుంది. దీపం కింద చీకటి అన్నట్టు, టవర్ ఉన్న బిల్డింగ్ వాళ్లకే తరచుగా అందరికంటే తక్కువ పడుతుంది. అయితే యాంటెన్నా మీ కిటికీకి సమానమైన ఎత్తులో, సరిగ్గా మీ వైపు తిరిగి ఉంటే మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. టెలికాం శాఖ మార్గదర్శకాల్లోనే, ఎదురుగా ఒక యాంటెన్నా ఉంటే 20 మీటర్లు, రెండుంటే 35, నాలుగుంటే 45 మీటర్లు దూరం ఉండాలని ఉంది. మీది 40 మీటర్లు కాబట్టి ఇదొక్కటి కళ్లారా చూసుకోండి. బాల్కనీలో నిలబడి, మీ వైపు ఎన్ని పొడవాటి తెల్ల పెట్టెలు (అవే యాంటెన్నాలు) తిరిగి ఉన్నాయో, అవి మీకంటే ఎంత పైన ఉన్నాయో లెక్కపెట్టండి. స్తంభానికి ఉన్న గుండ్రటి డ్రమ్ముల్లాంటివి టవర్ నుంచి టవర్‌కు మాట్లాడుకునే మైక్రోవేవ్ డిష్‌లు. వాటి బీమ్ సన్నగా, పైపైనే పోతుంది. వాటిని లెక్కలోకి తీసుకోకండి.

గుంటూరులో ఒక ఇంట్లో తీసిన కొలత ఇప్పటికీ అందరికీ చెప్తుంటాను. టవర్ ఎదురుగా ఉన్న బాల్కనీలో మీటర్ పట్టుకుంటే 2 వోల్ట్ పర్ మీటర్ (తరంగాల బలాన్ని చెప్పే ఇంకో కొలత) చుట్టూ తిరిగింది. 900 మెగాహెర్ట్జ్‌కు 2012 పరిమితి ఈ లెక్కలో 13, అంతర్జాతీయ పరిమితి 41. పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేస్తే ఒకటి కంటే బాగా కిందికి దిగిపోయింది. ఇంటాయన నమ్మలేదు, మీటర్ పాడైందేమో అన్నారు. సరే, మీ ఫోన్‌తో లిఫ్ట్‌లో నుంచి ఎవరికైనా కాల్ చేయండన్నాను. ఆయన మాట్లాడుతుంటే, చేతిలో ఫోన్‌కు జానెడు దూరంలో మీటర్ పెట్టాను. రీడింగ్ 10 దాటింది. ఆయన టవర్‌ను చూసి భయపడుతున్నారు, చెవికి ఆనించుకున్న దాన్ని మాత్రం ఏళ్ల తరబడి పట్టించుకోలేదు.

అలా ఎందుకైందంటే, ఫోన్ తన పవర్‌ను తానే మార్చుకుంటుంది. టవర్ దగ్గరుంటే గుసగుసగా మాట్లాడుతుంది. 4జీ ఫోన్ గరిష్ఠ పవర్ 0.2 వాట్లు, మంచి సిగ్నల్ ఉన్న చోట అందులో వెయ్యో వంతుకు కూడా దిగుతుంది. లిఫ్ట్, సెల్లార్, పరుగెత్తే రైలు, సిగ్నల్ ఒక్క గీతే ఉన్న పల్లె, ఇలాంటి చోట్ల మాత్రం గరిష్ఠానికి ఎక్కుతుంది. కాలనీ వాళ్లంతా కలిసి టవర్ తీయించేస్తే, మర్నాటి నుంచి ఆ కాలనీలో ప్రతి ఫోనూ తలకు ఆనుకుని గట్టిగా అరుస్తుంది. టవర్ తీయించాలని పోరాడే వాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

అందుకే జాగ్రత్త ఫోన్ దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువసేపు మాట్లాడాలంటే స్పీకర్ లేదా ఇయర్‌ఫోన్. సిగ్నల్ లేని చోట కాల్ పెట్టుకోవద్దు. రాత్రి దిండు కింద ఫోన్ వద్దు. మీ ఫోన్ సార్ విలువ (ఫోన్ నుంచి ఒంటికి చేరే రేడియో శక్తి ఎంతో చెప్పే అంకె) చూడాలంటే స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కండి, చాలా ఫోన్లలో కనిపిస్తుంది. మన దేశంలో అది కిలోకు 1.6 వాట్లు దాటకూడదు. అది ఫోన్ పూర్తి పవర్‌తో ఉన్నప్పటి అంకె, రోజూ మీకు తగిలేది దానికంటే చాలా తక్కువ.

"ప్రపంచ ఆరోగ్య సంస్థే క్యాన్సర్ వస్తుందని చెప్పింది కదా" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఆ సంస్థ కిందున్న క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో పెట్టింది, నిజమే. ఆ వర్గం అర్థం "అవకాశాన్ని కొట్టిపారేయలేం, రుజువు సరిపోదు" అని. కలబంద మొత్తం ఆకు సారం కూడా ఆ వర్గంలోనే ఉంది. రుజువైన వాటిని పెట్టే ఒకటో వర్గంలో పొగాకు, మద్యం, వక్క, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, డీజిల్ పొగ ఉన్నాయి. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

2011లో ఆ నిర్ణయానికి ఒక ముఖ్య కారణం 13 దేశాల్లో చేసిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం. జీవితం మొత్తంలో 1,640 గంటలకు మించి ఫోన్ మాట్లాడామన్న వాళ్లలో ఒక రకం మెదడు గడ్డ 40 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే జబ్బు వచ్చాక "పదేళ్ల క్రితం రోజుకు ఎంతసేపు మాట్లాడేవారు" అని అడిగి రాబట్టిన లెక్క అది. కొందరు రోజుకు 12 గంటలకు మించి మాట్లాడామని కూడా చెప్పారు. ఆ తరవాత ప్రపంచ ఆరోగ్య సంస్థే చేయించిన సమీక్ష 2024లో వచ్చింది. 63 అధ్యయనాలను వడపోసి, మొబైల్ ఫోన్‌కూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని చెప్పింది, పదేళ్లకు పైగా వాడిన వాళ్లలో కూడా. ఫోన్లు ఇంటింటికీ వచ్చాక అమెరికాలో, నార్డిక్ దేశాల్లో మెదడు గడ్డల రేటు ఆ మేరకు పెరగలేదన్నది నాకు అన్నిటికంటే బలమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. ఎలుకల మీద అమెరికా చేసిన పరీక్ష 2018లో వచ్చింది, మగ ఎలుకల గుండెలో గడ్డలు కనిపించాయన్నదీ నిజమే. వాటికి రెండేళ్ల పాటు, రోజుకు తొమ్మిది గంటల చొప్పున, ఒళ్లంతా కిలోకు 6 వాట్ల దాకా ఇచ్చారు. మీ బాల్కనీ లెక్క ఒక్క వాట్‌లో వెయ్యో వంతు దగ్గర ఉంది.

ఇప్పుడు పిల్లాడి తలనొప్పి. వాడు అబద్ధం చెప్పడం లేదు, నొప్పి నిజమే. టవర్ తరంగాలే కారణమన్నది మాత్రం అనుమానమే. సిగ్నల్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పకుండా చేసిన పరీక్షలున్నాయి. 2007లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం చేసినది వాటిలో ఒకటి. "మాకు టవర్ సిగ్నల్ పడదు" అన్న వాళ్లు కూడా ఆన్, ఆఫ్ తేడా కనిపెట్టలేకపోయారు. ఆన్‌లో ఉందని నమ్మినప్పుడు మాత్రం నొప్పి, నీరసం నిజంగానే వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ టవర్ వైపు చూస్తూ దిగులు పడుతుంటే తొమ్మిదేళ్ల పిల్లాడికి అది అంటుకోకుండా ఉండదు. ముందు కళ్లు పరీక్ష చేయించండి. ఈ వయసు పిల్లల్లో బోర్డు సరిగ్గా కనపడక, కళ్లు చిట్లించి చూసి తలనొప్పి తెచ్చుకునే వాళ్లు ఎంతోమంది. పొద్దున టిఫిన్ తింటున్నాడా, నీళ్లు తాగుతున్నాడా, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఇంట్లో ఎవరికైనా మైగ్రేన్ ఉందా, ఇవన్నీ డాక్టరుకు చెప్పండి. పొద్దున్నే తలనొప్పితో వాంతులు, నొప్పికి నిద్రలోంచి లేవడం, నడక తూలడం, రెండుగా కనపడటం, ఫిట్స్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు డాక్టరు సీటీ అంటే మారుమాట్లాడకుండా తీయించండి, ఆ స్థితిలో దానివల్ల లాభమే ఎక్కువ.

ఊరికే ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. తల సీటీ ఒక్కటి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే ఎక్స్‌రే లాంటి రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క ఇది). నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి ఏడాది పొడవునా సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. యూరప్‌లో తొమ్మిది దేశాల్లో, చిన్నప్పుడు సీటీ తీయించుకున్న 9 లక్షలకు పైగా మందిని గమనించి 2023లో ఫలితాలు ఇచ్చారు. పదివేల మంది పిల్లలకు ఒక్కో సీటీ తీస్తే, తరవాతి పన్నెండేళ్లలో ఒకరిద్దరికి ఆ రేడియేషన్ వల్ల రక్త క్యాన్సర్ వస్తుందని లెక్క తేలింది. అవసరం ఉన్న పిల్లాడికి ఇది చాలా చిన్న రిస్క్. అవసరం లేని పిల్లాడికి ఎందుకు? తల లోపలి చిత్రం కావాలని డాక్టరు అంటే, తొందర లేకపోతే, ఎంఆర్ఐ సరిపోతుందా అని అడగండి. అందులో ఎక్స్‌రే ఉండదు. దాంట్లో వాడేదీ రేడియో తరంగాలే. మామూలు పద్ధతిలో కిలోకు 2 వాట్ల దాకా అనుమతిస్తారు, అంటే మీ బాల్కనీ లెక్కకు వేల రెట్లు. అయినా పిల్లలకు సీటీ కంటే దాన్నే మేలంటారు.

ఇక డీజిల్ పొగ. ఆ డాబా మీదో, కిందో జనరేటర్ ఉందేమో చూడండి. మీ ఇంట్లో ఈ టవర్ వల్ల నిజంగా ఎవరి ఆరోగ్యమైనా చెడుతుంటే, నా అనుమానం దాని మీదే. కరెంటు పోయిన రాత్రి అది గంటల తరబడి మోగుతుంది, పొగ గొట్టం ఎవరి కిటికీ వైపు తిరిగి ఉంటే వాళ్ల గది నిండిపోతుంది. నిద్ర చెడితే పొద్దున తలనొప్పి రాక ఏం వస్తుంది? పిల్లాడికి నొప్పి వచ్చిన రోజులు, జనరేటర్ నడిచిన వేళలు ఒక కాగితం మీద రాసిపెట్టండి. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరం నిబంధనల్లో ఉంది. పొగ, శబ్దం మీద కార్పొరేషన్‌కూ కాలుష్య నియంత్రణ మండలికీ కాగితం పెట్టండి. బిల్డింగ్ ఆ బరువు మోయగలదని ఇంజనీర్ సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగండి. "రేడియేషన్" అని రాసిన ఫిర్యాదుకు పరిమితిలోనే ఉందన్న జవాబుతో ఫైలు మూసేస్తారు. జనరేటర్ మీద రాసినదానికి సైలెన్సర్ పెట్టించడమో, గొట్టం తిప్పించడమో జరగడం నేను చూశాను.

రేడియేషన్ కొలిపించడానికి టెలికాం శాఖ 2017లో మొదలుపెట్టిన తరంగ్ సంచార్ పోర్టల్ ఉంది. మీ ప్రాంతంలో ఉన్న టవర్ల వివరాలు అందులో చూడొచ్చు. 4,000 రూపాయలు కట్టి కొలత అడిగితే, ఆ శాఖ వాళ్లు వచ్చి కొలుస్తారు. వచ్చినప్పుడు బాల్కనీలో, పిల్లాడి పడక దగ్గర, డాబా మీద, మూడు చోట్లా తీయమనండి. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య వాడకం ఎక్కువ, వీలైతే ఆ వేళకు రమ్మనండి. 5జీ యాంటెన్నా ఉంటే కొన్ని నిమిషాల సగటు తీయమని గుర్తుచేయండి. ఎవరు డేటా వాడుతుంటే వాళ్ల వైపు అది బీమ్ తిప్పుతుంది కాబట్టి ఒక్క క్షణం రీడింగ్‌తో ఏమీ తెలియదు.

ఆ డబ్బును రేడియేషన్ ఆపే స్టిక్కర్లకు, చిప్‌లకు, మెడలో వేసుకునే లాకెట్లకు మాత్రం పెట్టకండి. ఫోన్‌కు అంటించిన స్టిక్కర్ నిజంగా సిగ్నల్‌ను అడ్డుకుంటే, ఫోన్ పవర్ ఇంకా పెంచుతుంది. లాకెట్ల సంగతి ఇంకా ఘోరం. 5జీ నుంచి కాపాడతాయని అమ్మిన పది వస్తువులను నెదర్లాండ్స్ అణు భద్రత సంస్థ 2021 డిసెంబర్‌లో పరీక్షిస్తే, వాటిలోనే రేడియోధార్మిక పదార్థం ఉందని తేలింది. పిల్లలకు వేసే బ్రేస్‌లెట్ కూడా వాటిలో ఉంది. ఎక్స్‌రేల కోవకు చెందిన రేడియేషన్‌ను డబ్బిచ్చి కొని ఒంటికి తగిలించుకోవడం అన్నమాట.

మీవారి పేస్‌మేకర్‌కు టవర్‌తో ఇబ్బంది లేదు. ఫోన్‌తో ఉంది. పేస్‌మేకర్ ఉన్న వైపు చొక్కా జేబులో ఫోన్ పెట్టుకోవద్దు, కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి, అవతలి వైపు చెవితో మాట్లాడాలి. కొన్ని కొత్త ఫోన్ల వెనక అయస్కాంతం ఉంటుంది, వాటితో ఇంకా జాగ్రత్త. ఆర్క్ వెల్డింగ్ జరిగే చోట నిలబడొద్దు. ఈ వెల్డింగ్ వెలుగు పిల్లాడికీ మంచిది కాదు. వీధిలో గేటుకు వెల్డింగ్ చేస్తుంటే నీలంగా మెరిసే ఆ వెలుగును పిల్లలు కన్నార్పకుండా చూస్తారు. అందులో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. ఆ రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం. ఆ కిరణాలను కూడా పైన చెప్పిన ఒకటో వర్గంలోనే పెట్టారు.

బాల్కనీలోకి వెళ్లారు కాబట్టి ఇంకొకటి కూడా చూడండి. పక్కనుంచి 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు తీగ పోతుంటే గోడకూ దానికీ అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలి. మన ఊళ్లలో బాల్కనీలు ముందుకు పెంచుకుంటూ పోయి చాలా చోట్ల ఆ దూరం మిగల్లేదు. బట్టలు ఆరేసే ఇనుప రాడ్డు తగిలి మనుషులు చనిపోతున్నారు. అంత దూరం లేకపోతే కరెంటాఫీసులో ఈ వారమే చెప్పండి.

చివరగా మీ కోడలి స్కానింగులు. కడుపుతో ఉన్న వాళ్లకు చేసేది అల్ట్రాసౌండ్. అది శబ్ద తరంగం, విద్యుదయస్కాంత రేడియేషన్ కానే కాదు. ఎక్స్‌రే అవసరం పడితే మాత్రం, పంటికైనా సరే, కడుపుతో ఉన్నట్టు ముందే చెప్పాలి. స్కానింగ్ మానేయడం వల్ల బిడ్డకు జరిగే నష్టం ఆ టవర్ వల్ల జరగదు. బిడ్డ గుండె, వెన్నెముక, మెదడు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. ఐదో నెల అన్నారు కాబట్టి ఆ సమయం ఇదే. ఇంకా తీయించకపోతే రేపే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.